ఐదుగురికి ఐదు ముక్కలు తెలుసు



మూడేళ్ల కింద నేనొక కాగితం రాసిన. డిగ్రీ అయిపోయి ఇంటికాడనే ఉంటున్న రోజులవి. ఇచ్చోడ చుట్టుపక్కల గూడేల్లో ఏదన్న పంచాయతీ అయితే, చదువుకున్నోడు, చేతిరాత బాగుంటదని నన్ను పిలిచేటోళ్లు. ఆ రోజు కూడా పిలిచిన్రు. చెట్టు కింద పెద్దమనుషులు కూర్చున్నరు. ఒక పక్క పిల్ల అమ్మానాన్న, ఇంకో పక్క ఆ పిల్లను తీసుకపోయిన మనిషి తరఫు చుట్టాలు. పిల్లకు అప్పటికి 15 ఏండ్లు. ఆశ్రమ హాస్టల్‌లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతుండె. దండారి పండుగకు ఇంటికొచ్చింది, మళ్ల హాస్టల్‌కు పోలే. పత్తి జిన్నింగ్ మిల్లుల పని ఇప్పిస్తనని తెలిసిన ఆడమనిషే తీసుకపోయింది. పని లేదు, ఏం లేదు. వేరే రాష్ట్రంలో ఒకనికి పెండ్లి పేరు మీద అప్పజెప్పి వచ్చింది. ఏడు నెలలకు పిల్ల తిరిగొచ్చింది. ఎట్లొచ్చిందో ఆ పిల్లకే తెలుసు.

పంచాయతీ ఏం తేల్చిందంటే, 40 వేల రూపాయలు కట్టాలె, ఊరికి తప్పు భోజనం పెట్టాలె, ఇక ఈ సంగతి ఎవరూ ఎత్తొద్దు, స్టేషన్‌కు పోవద్దు. అది మొత్తం రాసింది నేనే. పిల్ల తల్లి బొటనవేలు పట్టుకుని సిరా అద్దించి కాగితం మీద పెట్టించింది కూడా నేనే.

ఊరి పేరు రాస్తలేను, కొన్ని గుర్తులు మార్చిన. ఆ పిల్ల ఇప్పుడు మన మధ్యనే బతుకుతున్నది కాబట్టి మీరు కూడా అడగకండి.

ఆ కాగితం రాసిన చాలా రోజులకు పోక్సో చట్టం చదివిన. 2012లో వచ్చిన చట్టం అది. దాంట్ల 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏండ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలె. చెప్పకుంటే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేకుంటే జరిమానా, లేకుంటే రెండూ. 15 ఏండ్ల పిల్లను పెండ్లి పేరు మీద ఒకని ఇంట్ల ఏడు నెలలు ఉంచుడు ఈ చట్టం కిందికే వస్తది. అంటే ఆ చెట్టు కింద కూర్చున్నోళ్లందరం నేరం చేసినట్టే. అందరి కంటే ముందు నేను, ఎందుకంటే చదవడం వచ్చినోన్ని నేను. తెల్వకపోవుడు నా విషయంల సాకు కాదు, బద్ధకం.

అయితే ఇయ్యాల నేను రాయాలనుకున్నది పంచాయతీ తర్వాత సంగతి మాత్రమే కాదు, దానికి ముందు సంగతి. ఆ పిల్ల పోయిన దాని గురించి తర్వాత ఒక్కొక్కరిని అడిగిన. అడిగినకొద్ది నిద్ర పట్టలే.

దీపావళి సెలవులు అయిపోయి పది రోజులైనా పిల్ల రాలేదని హాస్టల్ వార్డెన్‌కు తెలుసు. రిజిస్టర్‌లో గైర్హాజరు రాసుకుంట పోయిన్రు, నెల దాటినంక పేరే తీసేసిన్రు. పత్తి ఏరే టైముల చాలా మంది పిల్లలు రారు, వాళ్లే వస్తర్లే అనుకున్నరట. ఇంట్ల పెండ్లి మాటలు నడుస్తున్నయని అంగన్‌వాడీ టీచర్‌కు తెలుసు, పిల్ల చిన్నమ్మనే చెప్పిందట. పిల్ల తండ్రి అప్పుల ఉన్నడని, ఆ ఆడమనిషి దగ్గర పైసలు తీసుకున్నడని కిరాణం షాపాయనకు తెలుసు, పాత బాకీ కట్టింది ఆ పైసలతోనే. ఆశా అక్కకు పిల్ల తల్లి పానం బాగలేక మంచంలో ఉన్నదని, ఇంట్ల ఏం జరుగుతుందో అడిగే మనిషి లేదని తెలుసు. ఇగ ఆటో తమ్ముడు. పొద్దుగాల చీకట్ల ఇద్దరిని రోడ్డు మీదికి తెచ్చి, నాగ్‌పూర్ దిక్కు పోయే బండి ఎక్కించింది ఆయననే. మన ఇచ్చోడ 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉన్నది. రోడ్డు మంచిగుంటే ఆస్పత్రికి జల్ది పోవచ్చు, పిల్లను కూడా అంతే జల్ది దాటించొచ్చు.

ఐదుగురికి ఐదు ముక్కలు తెలుసు. ఐదుగురు ఒక్కసారి ఒక చాప మీద కూర్చుని ఉంటే, పిల్ల మహారాష్ట్ర సరిహద్దు దాటకముందే ఎవరో ఒకరు 1098కి ఫోన్ చేసేటోళ్లు. వీళ్లల్ల ఒక్కరు కూడా చెడ్డోళ్లు కారు. ఆ ఆటో తమ్ముడైతే చెప్పుకుంట ఏడ్చిండు.

ఇట్లాంటిది మన అడవి పల్లెల్లనే జరుగుతదని అనుకోకండి. లండన్‌లో 2000 ఫిబ్రవరిలో విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ల పిల్ల చనిపోయింది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ నుంచి మంచి చదువు చెప్పిస్తమని చుట్టాలు తీసుకపోయిన పిల్ల. ఇంట్ల పెట్టి చిత్రహింసలు పెట్టిన్రు. ఆస్పత్రి ఆ పిల్లను చూసింది, పోలీసులు చూసిన్రు, సంక్షేమ శాఖ వాళ్లు చూసిన్రు. లార్డ్ లామింగ్ అనే ఆయన విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చిండు. ఆ పిల్లను కాపాడేటందుకు 12 సార్లు అవకాశం వచ్చిందని, 12 సార్లూ జారవిడిచిన్రని తేల్చిండు. ఎవరి ఫైలు వాళ్ల దగ్గరనే ఉండిపోయింది. దాని తర్వాతనే అక్కడ 2004లో చట్టం తెచ్చి, ప్రతి ప్రాంతంలో పోలీసు, వైద్యం, స్థానిక ప్రభుత్వం కలిసి కూర్చునే బోర్డులు పెట్టిన్రు. 2014లో ఇంకో చట్టంతో పెద్దోళ్ల కోసం కూడా, అంటే ముసలోళ్లు, వికలాంగులు, తమను తాము కాపాడుకోలేనోళ్ల కోసం కూడా, అసొంటి బోర్డులే వచ్చినయి. అన్ని పైసలు, అన్ని ఆఫీసులు ఉన్న దేశానికే ఒక పిల్ల ప్రాణం పోయినంక అర్థమైంది.

మన దగ్గర అసొంటి కమిటీ లేదా అంటే ఉన్నది. గ్రామ బాలల పరిరక్షణ కమిటీ అంటరు. కేంద్రం మిషన్ వాత్సల్య పథకంల ఉన్నదే. సర్పంచ్ అధ్యక్షత, అంగన్‌వాడీ టీచర్, ఆశా, బడి సారు, ఊరి పెద్దలు, ఇద్దరు పిల్లలు కూడా సభ్యులుగా ఉండాలె. నేను ఈ మధ్య మన దిక్కు పంచాయతీల్ల అడుగుకుంట తిరిగిన. కొన్ని చోట్ల కమిటీ ఉన్నదని కార్యదర్శికి తెలుసు, సభ్యులకు తెల్వదు. ఒక చోట ఇద్దరు పిల్లల పేర్లు రాసి ఉన్నయి. ఆ పిల్లల్ల ఒకామెకు పెండ్లయి కొడుకు పుట్టిండు. పేరు మాత్రం ఇంకా బాలల ప్రతినిధి కిందనే ఉన్నది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

ఇంకో సంగతి కూడా ఉన్నది. 2024 ఫిబ్రవరి మొదట్ల సర్పంచుల పదవీకాలం అయిపోయింది. 2025 డిసెంబర్ల ఎలక్షన్లు అయ్యేదాకా ప్రత్యేక అధికారుల పాలనే. అంటే దగ్గరదగ్గర రెండేండ్లు ఈ కమిటీలకు ఊరి నుంచి ఎన్నికైన అధ్యక్షుడే లేడు. ఒక్కొక్క అధికారికి ఎన్నో ఊర్లు. ఆయన మన గూడెం పిల్ల హాస్టల్‌కు పోయిందా లేదా ఎప్పుడు అడగాలె? ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చిన్రు, వాళ్లల్ల మన పోరగాళ్లు, మన అక్కలు కూడా ఉన్నరు. సన్మానాలు, శాలువాలు అయిపోయినయి గదా. ఇప్పుడు పోయి అడుగుదాం: మన ఊరి కమిటీ రిజిస్టర్ ఏడున్నది, ఆఖరు మీటింగ్ ఎప్పుడయింది?

మన పెద్దలు ఒక మాట అంటరు, దాన్ని తీసిపారేయలేం. "స్టేషన్‌కు పోతే మనకు ఎప్పుడన్నా మేలు జరిగిందా?" 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల మీటింగ్‌కు పోయిన మనోళ్ల మీద తుపాకులు పేలినయి. ఆ సంగతి విన్న ఇంట్ల పుట్టినోళ్లం మనం. పోలీసు అంటే, ఫారెస్టోళ్లు అంటే అడవిల దాక్కున్న తరం మన తాతలది. అసొంటి మనుషుల్ని పట్టుకుని "1098 కొట్టండి" అని పోస్టర్ అంటిస్తే పని కాదు.

ఇంకో భయం కూడా నిజమే. రక్షణ పేరు మీద ఆదివాసీల పిల్లల్ని ఎత్తుకపోయిన చరిత్ర ప్రపంచంల ఉన్నది. ఆస్ట్రేలియాలో దశాబ్దాల పాటు అక్కడి మూలవాసుల పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి గుంజుకుని హోంలల్ల, తెల్లోళ్ల ఇండ్లల్ల పెట్టిన్రు. భాష పోయింది, పేర్లు పోయినయి. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటుల నిలబడి క్షమాపణ చెప్పిండు. అమెరికాలో కూడా అదే కథ నడిస్తే, 1978లో చట్టం చేసుకున్నరు: తెగ పిల్లను వేరే ఇంట్ల పెట్టాలంటే ముందు ఆ తెగకు కబురు చెప్పాలె, చుట్టాలకు, తెగవాళ్లకే మొదటి అవకాశం ఇయ్యాలె. 2023లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది.

మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015ది. అది కూడా పిల్లను హోంలో పెట్టుడు ఆఖరు మార్గం అనే చెప్తది. అమ్మానాన్న లేని పిల్లను మేనమామనో, పెద్దమ్మనో సాదుకుంటే, అర్హత ఉంటే, మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేలు స్పాన్సర్‌షిప్ వస్తది. ఈ సంగతి మన గూడేల్ల ఎంతమందికి తెలుసు? తెల్వకనే పిల్లల్ని పనికి పంపుతున్నరు, లేకుంటే దూరం హోంలకు పంపుతున్నరు. చట్టం మన పిల్లను మన దగ్గరనే ఉంచడానికి కూడా పనికొస్తది, అయితే మనం ఆ టేబుల్ దగ్గర కూర్చోవాలె. ఆదిలాబాద్‌ల ఉండే బాలల సంక్షేమ సమితి ముందటికి పిల్లను తీసుకపోయినప్పుడు, ఆ పిల్ల ఏ గోత్రం, మేనమామ ఎవరు, ఏ ఇంట్ల భద్రంగా ఉంటది అనేది చెప్పగలిగేది మన పటేల్, మన సార్మేడి. ఆఫీసర్ చెప్పలేడు.

అందుకే నేను రాయ్ సెంటర్‌ను తీసేయాలె అనేటోన్ని కాదు. పెసా చట్టం 1996ది, మన సంప్రదాయ తగాదాల పరిష్కార పద్ధతిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ఆ హక్కు కోసం కొట్లాడినోళ్లం, కొట్లాడుతున్నోళ్లం. భూమి గట్టు తగాద, పెండ్లిళ్ల లెక్క, అన్నదమ్ముల పంచాయతీ, ఇవి మన పెద్దలు తేల్చినంత తొందరగ, తేల్చినంత చౌకగ ఏ కోర్టు తేల్చదు. కానీ పసిపిల్ల మీద జరిగిన నేరానికి 40 వేలు కట్టి తప్పు భోజనం పెట్టుడు మన సంప్రదాయం అని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను. అది సంప్రదాయం పేరు మీద నడిచే బేరం. ఆ 40 వేలల్ల ఆ పిల్ల చేతికి ఎంతొచ్చిందో అడిగిన్రా? ఒక్క రూపాయి రాలే. ఆ భోజనం కాడ ఆ పిల్లతోనే వడ్డించిన్రు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలె. మన పెద్దలు పోక్సో అంటే భయపడేటందుకు ఇంకో కారణం ఉన్నది. 17 ఏండ్ల పిల్ల, 19 ఏండ్ల పిల్లగాడు ఇష్టపడి లేచిపోతే, పిల్లగాని మీద పోక్సో కేసయి జైలుకు పోయిన ఇండ్లు ఉన్నయి. మన దగ్గర ఇష్టపడి పోవుడు, తర్వాత పెద్దలు ఒప్పుకునుడు కొత్త కాదు. ఈ చట్టం అసొంటోళ్ల మీద మరీ కఠినంగ ఉన్నదని నాకు కూడా అనిపిస్తది. దాని మీద చర్చ చేద్దాం, గట్టిగనే చేద్దాం. కానీ ఆ ఇద్దరి కథ అడ్డం పెట్టుకుని, 11 ఏండ్ల పిల్లను చెరిచిన 35 ఏండ్లోన్ని కాపాడే మాటలు నేను చెవులారా విన్న. రెండూ ఒకటే గాటన కట్టొద్దు.

రాయ్ సెంటర్ పెద్దలను నేను అడిగేది ఒకటే. పిల్లల మీద లైంగిక నేరం, పిల్లల్ని పని పేరు మీద పెండ్లి పేరు మీద దాటించుడు, చేతబడి అని ముసలోళ్లను కొట్టుడు, ఈ మూడు మా ముందటికి తేవద్దు, వస్తే మేమే వెంబడి స్టేషన్‌కు వస్తం అని ఒక తీర్మానం చేయండి. "వెంబడి వస్తం" అనేదే ముఖ్యం. తల్లి ఒక్కతే పోతే ఉదయం నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడ్తరు. సార్మేడి రుమాలు కట్టుకుని పదిమందితో వస్తే కుర్చీ వేస్తరు. కేసు పెట్టిన ఇంటిని ఊరు వెలేయకుండ చూసే పని కూడా పెద్దలదే, అది పోలీసులతోని కాదు. ఇగ ఆ పెద్దలల్ల ఆడోళ్లు ఎంతమంది ఉన్నరో కూడా చూడాలె. పిల్ల తన మీద జరిగిన దాన్ని చెట్టు కింద ముప్పైమంది మగోళ్ల ముందట చెప్పాల్నా?

చేతబడి మాట వచ్చింది కాబట్టి పెద్దోళ్ల గురించి రాస్త. రక్షణ అంటే పిల్లలే గుర్తొస్తరు మనకు. మా దిక్కు గూడెంల ఒక ముసలవ్వ ఉండె. కండ్లు సరిగ కనబడవు, పిల్లలు లేరు. ఊర్ల ఒక పిలగాడు జొరమొచ్చి చనిపోతే ఈమె మీద అనుమానం పుట్టింది. ఎవరూ కొట్టలే, తిట్టలే. కానీ బోరింగు కాడికి రానియ్యలే, నిప్పు ఇయ్యలే. పింఛన్ పైసలకు చుట్టపాయన తోలుకపోయేటోడు, వేలిముద్ర పెట్టించి పైసలు ఆయననే ఉంచుకునేటోడు. ఇది కూడా హింసనే. ఆశా అక్కకు తెలుసు అవ్వ బక్కగయిందని. పింఛన్ పంచేటాయనకు తెలుసు పైసలు ఎవరి జేబుల పోతున్నయో. మళ్ల అవే ముక్కలు, ఎవరి ముక్క వాళ్ల దగ్గరనే.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. వికలాంగులను హింసిస్తున్నరని తెలిస్తే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు, అంటే మన దగ్గర తహసీల్దార్‌కు, చెప్పొచ్చు. ముసలోళ్లను పిల్లలు చూడకుంటే 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. 14567 అని ముసలోళ్లకు ఫోన్ నంబరు ఉన్నది. చేతబడి నెపంతో హింసించుడు మీద జార్ఖండ్ 2001లనే, ఒడిశా 2013ల ప్రత్యేక చట్టాలు చేసుకున్నయి. మన దగ్గర మామూలు క్రిమినల్ సెక్షన్లే దిక్కు. ప్రత్యేక చట్టం కావాలని మనమే మొదలు అడగాలె. మన మీద నింద వస్తదని దాచిపెడితే సచ్చేది మన అవ్వలే.

భాష సంగతి ఎవరూ పట్టించుకోరు. మన పిల్ల గోండిల ఏడుస్తది, కొలామి పిల్ల కొలామిల ఏడుస్తది. స్టేషన్ల రాసుకునేది తెలుగుల. పిల్ల "నొప్పి" అన్నదో "భయం" అన్నదో రాసేటాయనకు అర్థం కాదు, కోర్టుల ఆ ఒక్క మాట మీదనే కేసు ఊగుతది. పోక్సో చట్టం 26వ సెక్షన్ల దుబాసీని పెట్టుకోవచ్చని ఉన్నది. మరి ఆదిలాబాద్ జిల్లాల గోండి, కొలామి తెలిసిన ఆడపిల్లలు డిగ్రీలు చేసి ఖాళీగ ఉన్నరు గదా? వాళ్లకు శిక్షణ ఇచ్చి పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి స్టేషన్ల, సఖి కేంద్రంల, ఉట్నూర్ ఐటీడీఏల పెట్టుమని అడుగుదాం. దీనికి పెద్ద బడ్జెట్ కూడా వద్దు.

హాస్టళ్ల గురించి ఎంత రాసినా తక్కువనే. 2024ల పక్క జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాల పిల్ల అస్వస్థతకు గురై, హైదరాబాద్ నిమ్స్‌ల వారాల తరబడి ఉండి, నవంబర్ 25న చనిపోయింది. మనం ధర్నా చేసినం. చేయాల్సిందే. కానీ ఏడాదిల మిగిలిన రోజులు ఆ హాస్టళ్లకు మనం పోతున్నమా? పండుగ తర్వాత ఎంతమంది రాలేదో లెక్క అడుగుతున్నమా? సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఎవరో, వాళ్లకు చలికాలం నొప్పులొస్తే ఎవరు చూస్తున్నరో తెలుసా? దండారి అయినంక ఒక వారం, నాగోబా జాతర అయినంక ఒక వారం, ప్రతి గూడెం నుంచి ఇద్దరు యువకులు హాజరు రిజిస్టర్ చూసి, రాని పిల్లల ఇండ్లకు పోతే చాలు. వార్డెన్ చూపియ్యకుంటే కమిటీ తీర్మానం పట్టుకుని పోదాం.

ఇప్పుడు మన గురించి. మన అంటే ఈ పేజీ చదివే మనం. 2024 ఆగస్టు 31న జైనూర్ల మన ఆదివాసీ అక్క మీద దాడి జరిగింది. మొదలు రోడ్డు ప్రమాదం అనుకున్నరు. ఆమెకు తెలివొచ్చి చెప్పినంకనే అత్యాచారయత్నం, హత్యాయత్నం కేసయింది, ఆటో డ్రైవర్‌ను అరెస్టు చేసిన్రు. సెప్టెంబర్ 4న బంద్ నాడు దుకాణాలు కాలినయి, కర్ఫ్యూ పెట్టిన్రు, ఇంటర్నెట్ బంద్ చేసిన్రు. ఆ కోపం నాకు తెలుసు, నాకు కూడా వచ్చింది. కానీ ఆ మంటలల్ల కాలింది నేరం చేసినోని ఇల్లు కాదు, ఆ నేరంతో సంబంధం లేని మనుషుల బతుకుదెరువు. ఆ నాలుగైదు రోజుల్ల మన వాట్సాప్ గ్రూపులల్ల ఏం తిరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఆమె ఫోటో, ఆమె పేరు. నా ఫోన్ల కూడా వచ్చింది. నేను పంపలే గాని, పంపినోన్ని ఆపలే కూడా. లైంగిక నేరం బాధితుల గుర్తులు బయటపెట్టుడు చట్టం ప్రకారం నేరం, పిల్లలైతే పోక్సో 23వ సెక్షన్ల మీడియాకు అదే నిషేధం ఉన్నది. చట్టం పక్కకు పెట్టండి. రేపు ఆ అక్క సంతకు పోతే పదిమంది గుర్తుపట్టి చూస్తరు. ఆ చూపులు మనమిచ్చినయే.

వేలమందిమి రోడ్డు మీదికి వచ్చినం, నేరం జరిగినంక. జరగకముందు నెలకు ఒక్క గంట కూర్చునేటందుకు పదిమందిమి దొరకం. ఇది నాకు నేను చెప్పుకునే మాట కూడా.

మా దగ్గర మొదలుపెట్టినం. పెద్దగ ఏం లేదు, చెప్పుకునేంత కూడా కాదు. మూడు గూడేలు. నెలల ఒక రోజు, అంగన్‌వాడీల టీకాలు ఏసే రోజు మధ్యాహ్నం, ఎందుకంటే ఏఎన్ఎం, ఆశా, టీచర్ ఆ రోజు ఎట్లాగూ అక్కడనే ఉంటరు. వార్డు మెంబర్, ఒక పటేల్, బడి సారు, మేం ఇద్దరం ముగ్గురం. ఒక నోటుబుక్కు పెట్టినం. దాంట్ల పిల్ల పేరు రాయం, గుర్తు మాత్రమే రాస్తం, బుక్కు టీచర్ దగ్గర తాళం ఏసి ఉంటది. ఈ నెల ఎవరు బడికి రాలే, ఎవరి ఇంటికి కొత్త మనుషులు వస్తున్నరు, ఏ ముసలోళ్లు బయటికి కనబడ్తలేరు. అడిగేది అంతే. మొదటి నెల అందరూ చాయ్ తాగి పోయిన్రు, ఒక్క ముక్క చెప్పలే. రెండో నెల ఆశా అక్క ఒక మాట చెప్పింది. దాని మీద బడి సారు ఇంకో మాట చెప్పిండు. రెండూ కలిపితే ఒక పెండ్లి బయటపడ్డది, పిల్లకు 16 ఏండ్లు. ఆ ఇంటికి మేం పోలే, పటేల్ ఒక్కడే పోయిండు. రెండు సార్లు తిట్లు తిన్నడు. మూడోసారి పోయేటప్పుడు ఐసీడీఎస్ మేడంను తీసుకపోయిండు. పెండ్లి ఆగింది. పిల్ల ఇప్పుడు కస్తూర్బాల ఉన్నది. మళ్ల ఏమైతదో తెల్వదు, ప్రతి నెల అడుగుతున్నం.

అన్ని చోట్ల ఇట్లనే అయితదని చెప్పను. ఒక గూడెంల పటేల్ మమ్మల్ని రావద్దన్నడు. "నాలుగు అక్షరాలు నేర్చి మా మీదనే నిఘా పెడుతున్నరా" అన్నడు. ఆయన మాటల కొంత నిజం ఉన్నది. నోటుబుక్కు పట్టుకుని ఇండ్లల్లకు తొంగిచూసుడు మొదలైతే అది కాపాడుడు కాదు, పెత్తనం. అందుకే బుక్కు మా చేతుల పెట్టుకోలే, ఏం రాసినా ముందు ఆ ఇంట్ల తల్లికి చెప్తున్నం. ఆ పటేల్ దగ్గరికి దండారి లోపల మళ్ల పోవాలె.

తెలంగాణలో ఇట్లాంటి పని కొత్త కూడా కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఊరోళ్లనే, సర్కారు సార్లనే, యువకులనే కూడగట్టి పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చింది. ఆ పని నడిపిన శాంతా సిన్హాకు 2003ల మెగసెసే అవార్డు వచ్చింది, 2007ల జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు అయ్యింది. అక్కడ పోరాటం పశువుల కాడికి, పత్తి చేన్లకు పోయే పిల్లల కోసం. మన కాడ పత్తి చేన్లు అవే ఉన్నయి, వాటితోపాటు హైవే ఉన్నది, చేతిల ఫోన్ ఉన్నది.

పోయిన నెల ఆ 40 వేల కాగితం వెతికిన. పటేల్ ఇంట్ల ట్రంకు పెట్టెల ఉన్నది. నా చేతిరాత చూస్తే కడుపుల తిప్పింది. దాన్ని ఏం చేయాలె అని వకీలు సారును అడిగితే, అది సాక్ష్యం, చింపకు అన్నడు. ఫిర్యాదు ఇప్పుడైనా పెట్టొచ్చట. కానీ అది నేను నిర్ణయించే విషయం కాదు. పిల్లకు ఇప్పుడు 18 నిండినయి. ఇంటికి పోయి ఆమెకే చెప్పిన, కాగితం నేనే రాసిన అని కూడా చెప్పిన. "నాకు తెలుసు అన్నా, చూసిన" అన్నది. కేసు పెడతవా అని అడిగితే ఆలోచించుకుంట అన్నది. వచ్చే నెల కమిటీకి రమ్మని పిలిచిన, సభ్యురాలిగ. దానికి జవాబు చెప్పలే. మీటింగ్ ఏ రోజు, ఎన్ని గంటలకు అని మాత్రం అడిగింది.